ముందరి గది సామాన్లు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేనే ముందుగా చెప్పేస్తే మీకు ఊరంతా తిరిగి అడిగే పని తప్పుతుంది. బత్తలపల్లె ఆడపిల్లల హాస్టల్లో ముప్పై రెండేళ్ళు వంట చేశాను. రోజూ నూట ఇరవై మందికి సంగటి గెలికిన చేయి ఇది. నా కళ్ళ ముందు ఒక్క పిల్ల కూడా కంచంలో మెతుకు వదిలే సాహసం చేయలేదు. రిటైరై మూడేళ్ళయింది. నోటికి మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు.

పేరు చిన్నక్క. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా చిన్నక్కా అనే పిలుస్తారు. మొగుడు లారీ తోలుకుంటూ బళ్ళారి వైపు వెళ్ళి మళ్ళీ ఇటు తిరగలేదు. అది పాత సంగతి, దాంతో ఇప్పుడు పని లేదు. పిల్లలు లేరు. జీతంలో మిగిలినదాంతో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. వెనక గదిలో నేను, ముందరి గదిలో అద్దెకు మహేశ్వరి.

ఆ పిల్ల ఆరేళ్ళ క్రితం ఒక సూట్‌కేసు పట్టుకుని వచ్చింది. మడకశిర వైపు పిల్ల. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. ఊళ్ళు తిరిగి గొర్రెలకూ మేకలకూ సూదులు వేస్తుంది. వచ్చిన మొదటి రోజే ముఖం మీద చెప్పేశాను, "నా గేటు ఎనిమిదికి మూస్తా. ఆలస్యమైతే ఆ గొర్రెల దొడ్లోనే పండుకో" అని. భయపడుతుందనుకుంటే పకపకా నవ్వింది. "గొర్రెలే నయం చిన్నక్కా, కరిసేవి కావు" అంది. ఆ నవ్వుతోనే నా మనసులో చోటు సంపాదించుకుంది. ఆ సంగతి నేను ఎప్పుడూ బయటికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతారు.

సాయంత్రాలు ఇద్దరం ఇంటి ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళం. కాలు విరిగిందని హాస్టల్లో మూలన పడేసిన బెంచీ అది. అడిగి తెచ్చుకుని వడ్రంగి చేత కొత్త కాలు వేయించాను. మూడు కాళ్ళు నల్లగా, ఒక కాలు ఎర్రగా ఉంటుంది. ఉడకబెట్టిన శెనక్కాయలు మధ్యలో పోసుకుని, ఒలుచుకుంటూ, ఆమె గొర్రెల సంగతులు చెప్పేది, నేను హాస్టలు సంగతులు చెప్పేదాన్ని. చెప్పిందే చెప్పినా ఇద్దరికీ విసుగు పుట్టేది కాదు. ఆరేళ్ళు అలా గడిచిపోయాయి.

పోయిన జూన్‌లో బదిలీ అయింది. గుమ్మఘట్ట. రాయదుర్గం అవతల, కన్నడ మాట్లాడే సరిహద్దులో. ఆ కబురు చెప్పి నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట అంటానని ఎదురుచూసినట్టుంది.

"పో. నేనేమన్నా కట్టేసినానా?" అన్నాను.

వెళ్ళే రోజు బండి వచ్చింది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. కొళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. "చిన్నక్కా, పోయొస్తా" అని రెండు సార్లు పిలిచింది. "గేటేసి పో, కుక్కలొస్తాయి" అని లోపల్నుంచే అరిచాను. ఆరేళ్ళు నా ఇంట్లో ఉన్న పిల్లతో నేను చివరగా అన్న మాట అది. బండి మలుపు తిరిగిన చప్పుడు విన్నాక గాని కొళాయి కట్టలేదు.

అక్కడ దొరికింది చిన్న గది. అందుకని మంచం, కూలరు, స్టవ్వు, అద్దం, బకెట్లు, కుర్చీలు ఇక్కడే వదిలి వెళ్ళింది. పది రోజులు నేను ఆ గది తలుపు తీయలేదు. ఆ పిల్ల ఫోన్ చేయలేదు. నేను చేస్తానా? చేయను. నాకేం పని? అవసరం ఉన్నవాళ్ళే చేస్తారు, అనుకున్నాను. అనుకుంటూనే గంటకోసారి ఫోన్‌లో చార్జింగు ఉందా లేదా అని చూసుకున్నాను.

పదకొండో రోజు మోగింది.

"చిన్నక్కా, నా సామాన్లు నీకు అడ్డం గదా. ఇంగొకర్ని అద్దెకు పెట్టుకోవాలంటే గది ఖాళీ కావల్ల. ఫేస్‌బుక్కులో ఒక గ్రూపు ఉండాది. ఊరికే ఇస్తామని పెడితే కావాల్సినోళ్ళు వచ్చి తీసకపోతారు. నువ్వు ఫోటో తీసి పంపు, నేను పెడతా. ఎవురొస్తారో నేను నీకు ఫోన్ చేసి చెప్తా."

ఫోన్ చేసి చెప్తా. ఆ చివరి మాట ఒక్కటే నా చెవికెక్కింది. ఇంకొకరిని అద్దెకు పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు. అయినా సరేనన్నాను.

మొదట మంచం ఫోటో పంపాను. మర్నాడే ఫోన్. "ధర్మవరం నుంచి లక్ష్మీపతని ఒకాయన వస్తాండాడు, పది గంటలకు ఇంట్లో ఉండు" అంది. తర్వాత "ఏం వండినావు?" అంది. "వంకాయ" అన్నాను. "ఈడ నేను సంగటి చేస్తే ఉండలు కడతాండాది అక్కా" అంది. "చేతిలో బలం లేక. కట్టె తిప్పేది ముంజేత్తో కాదు, భుజంతో" అన్నాను. పావుగంట మాట్లాడుకున్నాం.

లక్ష్మీపతి వచ్చి మంచం చుట్టూ మూడు సార్లు తిరిగాడు. తట్టాడు, కింద పడుకుని చూశాడు.

"ఊరికే ఎందుకిస్తాండావమ్మా?"

"అవసరం లేదు గాబట్టి."

"దీని మీద ఎవురన్నా పోయినారా?"

"ఇంతవరకూ లేదు. ఇంగొక మాట మాట్లాడితే ఈపొద్దు పోతారు."

ఆ మనిషి గబగబా మంచం ఎత్తుకున్నాడు. నేను ఆగమని, డబ్బాలోంచి దోసెడు శెనక్కాయలు తెచ్చి మంచం పట్టీల మీద పోశాను. తెల్లబోయి చూశాడు. మా అమ్మ నేర్పిన అలవాటు ఇది. ఇంట్లోంచి బయటికి పోయే పాత్ర ఖాళీగా పోకూడదు. చెంబు ఇచ్చినా చేట ఇచ్చినా పిడికెడు గింజలైనా వేసి ఇవ్వాలి, లేకపోతే ఇచ్చిన ఇల్లూ తీసుకున్న ఇల్లూ రెండూ వెలితి పడతాయి. మా అమ్మ చెప్పింది పాత్రల గురించే. ఏ వస్తువైనా ఒకటే అని నేను పెట్టుకున్నాను.

"మంచంలో కూడా ఏస్తారామ్మా?" అన్నాడు లక్ష్మీపతి, ఏరుకుని జేబులో వేసుకుంటూ.

"నా ఇంట్లో ఏస్తారు" అన్నాను.

సాయంత్రం మళ్ళీ మహేశ్వరి ఫోన్. "వచ్చినాడా? తీసకపోయినాడా?" అని. శెనక్కాయల సంగతి చెబితే పడిపడి నవ్వింది. ఆ నవ్వు విని నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అప్పుడు నాకు అర్థమైంది. ఒక్కో సామానుకు రెండు ఫోన్లు. వచ్చే ముందు ఒకటి, వచ్చి వెళ్ళాక ఒకటి.

ఇక చూడండి నా తెలివి. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి, నాలుగైదు రోజులు ఎడం ఇచ్చి పంపడం మొదలుపెట్టాను. "అన్నీ ఒకేసారి తీసి పంపకూడదా అక్కా?" అంటే, "నా ఫోన్‌లో అన్ని పట్టవు" అన్నాను. నాలుగు కుర్చీలను నాలుగు సార్లుగా ఇచ్చాను. బకెట్టు వేరే, అందులో మగ్గు వేరే. మగ్గు కోసం అనంతపురం నుంచి ఎవరూ రారని ఆ పిల్ల మొత్తుకుంది. రాకపోతే పోయె, పెట్టు అన్నాను. పక్క వీధి నుంచే ఒకావిడ వచ్చి తీసుకెళ్ళింది. ఆ మగ్గులో కూడా శెనక్కాయలు పోశాను.

ఆగస్టు చివరికి ముందరి గది ఖాళీ అయిపోయింది. ఊడ్చి, కడిగి, గుమ్మంలో నిలబడి చూశాను. గోడకు అద్దం తగిలించిన మేకు తప్ప ఏమీ లేదు. ఫోన్ కూడా ఆగిపోయింది. ఎందుకు చేస్తుంది, చెప్పాల్సిందేమీ లేదు కదా. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. వాన కూడా ఆ ఏడు ముఖం చాటేసింది. ఉదయం లేచి ఊడ్వడం, ఒక్క మనిషికి వండటం, కూర్చోవడం. నూట ఇరవై మందికి వండిన మనిషికి ఒక్క పిడికెడు బియ్యం కొలవడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను? దిగులుగా ఉండేది. ఆ మాట నాకు నేను కూడా ఒప్పుకోలేదు. ఎండ ఎక్కువగా ఉంది, అందుకే నీరసం అనుకున్నాను.

పన్నెండో రోజు నా ఇడ్లీ పాత్ర ఫోటో తీసి పంపాను.

ఫోన్ వచ్చింది. "ఇది నాదేనా చిన్నక్కా?"

"నీదే. మర్చిపోయినట్టుండావు."

"సరేలే, పెడతా" అంది.

దానికోసం హనుమక్క అనే ఒకావిడ వచ్చింది, గొర్రెలు మేపే ఇంటి మనిషి. పాత్ర చూసి సంబరపడింది. బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి, తలుపులోంచి లోపలికి చూసింది.

"ఒక్కదానివేనా అక్కా ఈ ఇంట్లో?"

"అయితే ఏం? నీకేమన్నా ఇబ్బందా?" అన్నాను.

"అది కాదక్కా, నాకైతే మాట్లాడేదానికి గొర్రెలన్నా ఉండాయి" అంది, ఏమీ తప్పుగా అనుకోకుండా. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మీదే రెండు దోసిళ్ళు శెనక్కాయలు ఎక్కువ పోశాను. ఆమె వెళ్ళాక గేటు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

ఆ తర్వాత నా స్టూలు ఇచ్చాను. నా గొడుగు ఇచ్చాను. రెండు పెద్ద తపేలాలు, చాప, గోడ గడియారం. అన్నీ మహేశ్వరివే అన్నాను. మొదట్లో "నాదా అక్కా?" అని అడిగేది, తర్వాత అడగడం మానేసింది. మాటలు కూడా తగ్గిపోయాయి. ఏం వండావని అడగదు. సంగటి మాట ఎత్తదు. "రేపు వస్తారంట" అని ఒక ఫోన్, "ఇచ్చినావా, సరే" అని ఒక ఫోన్. అంతే. గడియారం రోజు ఆ "సరే" కూడా సగమే వినిపించింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇల్లంతా నీకోసం ఖాళీ చేస్తూ ఉంటే నీకు రెండు మాటలు కరువయ్యాయా? అసలు చూస్తున్నావా ఆ ఫోటోలు? చూస్తే, ఇవి చిన్నక్కవి, ఎందుకిస్తోంది అని అడగవా? సరే, చూద్దాం ఇవాళ అని, వాకిట్లోకి వెళ్ళి బెంచీ ఫోటో తీసి పంపాను. ఎర్రకాలు బాగా కనిపించేలా తీశాను. ఈసారి అరుస్తుంది, "ఏమక్కా, మన బెంచీ ఇచ్చేస్తావా?" అని తిడుతుంది, తిట్టాలి అనుకున్నాను. ఆ పిల్ల చేత తిట్టించుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

ఫోటో చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఫోన్ రాలేదు.

ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు. స్నానానికి వెళ్తే ఫోన్ కూడా పట్టుకెళ్ళి కిటికీలో పెట్టుకున్నాను. చెప్పడానికి సిగ్గెందుకు, మూడో రోజు ఏడ్చాను కూడా. ఆ ఏడుపు మధ్యలోనే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అక్కా, నేను తిప్పేష్, బొలెరో బండి. బెంచీ ఉండాదంట గదా? రేప్పొద్దున వచ్చి తీసకపోతా."

అయిపోయింది అనుకున్నాను. నా నంబరే వాళ్ళకిచ్చి చేతులు దులుపుకుంది. ఇక మధ్యలో ఆమె ఫోన్ చేయాల్సిన పని కూడా లేదు. ఆరేళ్ళు కూర్చున్న బెంచీని గుర్తు కూడా పట్టలేదు.

ఇచ్చేది లేదని నిర్ణయించుకున్నాను. మర్నాడు తెల్లవారగానే కాఫీ గ్లాసుతో వచ్చి బెంచీ నడిమధ్య కూర్చున్నాను. ఎవరొచ్చి ఎత్తుతారో చూస్తాను అని.

తొమ్మిదింటికి బండి వచ్చి ఆగింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి దిగాడు. నన్ను కాకుండా నా కాళ్ళ పక్కకు వంగి చూశాడు.

"ఇదే. ఒక కాలు ఎర్రగా ఉంటాదని చెప్పింది."

"ఎవురు చెప్పింది?"

"గొర్రెల మేడమ్. గుమ్మఘట్ట మేడమ్." తిప్పేష్ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మా ఊరికి ఆమే గదా సూదులేసేది. నేను ధర్మవరం మార్కెట్టుకు ఎర్రగడ్డల మూటలేసుకొచ్చినా, బండి ఖాళీగా పోతాండాది. వచ్చేటప్పుడు దోవలో బత్తలపల్లెలో బెంచీ ఏసకరా అన్నా, బాడుగ నేనిస్తా అనింది."

నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఎవురికి?" అన్నాను.

"ఇంగెవురికక్కా? ఆమెకే."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

తిప్పేష్ కాస్త తటపటాయించాడు. "చెప్తే ఇయ్యవని భయమంట. నీకి ఆమె మీద శానా కోపమంట గదా. వచ్చేటప్పుడు ముఖం కూడా సూపీలేదంట. ఆమె సామాన్లన్నీ బయటేస్తివంట. అవి అయిపోతే, ఆమె చెయ్యి తగిలినవి, ఆమె తిన్న ఇడ్లీ పాత్ర, అన్నీ ఏరి ఏరి బయటేస్తాండావంట. 'ఆ ఇంట్లో నా గుర్తు ఏదీ లేకుండా చేస్తాండాది అన్నా, ఆ బెంచీ అయినా ఎవురి పాలూ కానీయొద్దు, నాకు తెచ్చియ్యి' అనింది. మా గొర్రెకి సూదేస్తా ఏడిసింది అక్కా. నేను గొర్రెకేమో అయిందని హడలిపోయినా."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆ పిల్ల గొంతు వినడానికి నేను పంపిన ఫోటోలు, అక్కడ ఆమెకు ఒక్కొక్కటీ ఒక్కో తిట్టులా తగిలాయన్నమాట. ఏం వండావని ఎందుకు అడగడం మానేసిందో, "సరే" ఎందుకు సగమే వినిపించిందో అంతా తెలిసింది. ఎవరిని అని ఏం లాభం? "గేటేసి పో" అన్నది నేనే కదా. ఛీ, నా నోట్లో మన్ను పడ!

"లే అక్కా, ఎండెక్కతాండాది" అన్నాడు తిప్పేష్.

లేచాను. అతనూ, రోడ్డు మీద పోతున్న ఇంకో మనిషీ పట్టి బెంచీని బండిలోకి ఎక్కించారు. నేను అలవాటుగా శెనక్కాయల డబ్బా కోసం లోపలికి పరిగెత్తాను. మూత తీస్తే అడుగున పొట్టు తప్ప ఏమీ లేదు. వచ్చిన వాళ్ళందరికీ దోసిళ్ళతో పోసింది నేనే. బియ్యం డబ్బా చూశాను, నిన్న రాత్రితో అయిపోయింది. గూట్లో ఏమీ లేవు. గదిలో ఏమీ లేవు. నడిచి చూస్తే నా ఇంట్లో ఒక చిన్న స్టవ్వు, ఒక కంచం, ఒక గిన్నె, పరుపు, గోడకు ఆనించిన సంగటి కట్టె. మహేశ్వరికి పంపే బెంచీ మీద పెట్టడానికి ఒక్క గింజ దొరకలేదు. అందరికీ నింపి పంపి, ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఖాళీ.

"అక్కా, పోతాండా!" తిప్పేష్ బండి స్టార్టు చేశాడు.

"ఆగప్పా!" అని అరిచాను. రెండు చీరలు సంచిలో కుక్కాను. సంగటి కట్టె చంకలో పెట్టుకున్నాను. తలుపుకు తాళం వేసి, గేటు వేసి, బండి వెనక టైరు మీద కాలు పెట్టి పైకెక్కాను. అరవై దాటిన మనిషి ఎక్కే ఎక్కుడు కాదు, మోకాలు గీరుకుంది. బెంచీ మీద కూర్చున్నాను.

తిప్పేష్ దిగి వచ్చి నోరు తెరిచాడు. "ఏమక్కా ఇది! దిగు!"

"నా ఇంట్లోంచి ఏదీ ఖాళీగా పోదు. పోనీ బండి."

"అట్లయితే ముందర సీట్లో కూర్చో. నూటా ముప్పై కిలోమీటర్లు!"

"కల్యాణదుర్గంలో ముందరికొస్తాలే. అంతవరకూ ఈడే కూర్చుంటా" అన్నాను. నాతో వాదించి లాభం లేదని ఆ మనిషికి అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయినట్టుంది. బండి కదిలింది.

హాస్టలు దాటాం, పెట్రోలు బంకు దాటాం. వాన లేక ఎండిన శెనక్కాయ చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఒక చేత్తో బండి కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీశాను. నాలుగు నెలల్లో మొదటి సారి నేను ఫోన్ చేశాను.

"చిన్నక్కా?" భయపడుతూ అంది. వెనక గొర్రెల అరుపులు. "బెంచీ... తిప్పేషన్న..."

"ఎక్కించినా."

"నీకు కోపమొచ్చిందా?"

"కోపం కాదే పిచ్చి మొగమా," అన్నాను. గాలికి మాట పోతోంది, అరిచి చెప్పాను. "సామాను ఇస్తే నువ్వు ఫోన్ చేస్తావని ఇచ్చినా. నీవి అయిపోతే నావి ఇచ్చినా. నీ గొంతు ఇనాలనే, ఇంగేమీ కాదు."

అటువైపు గొర్రెలు అరుస్తున్నాయి. వాటి మధ్యలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఇంగ ఇంట్లో ఇచ్చేదానికి ఏముండాది చిన్నక్కా?"

"ఏమీ లేదు. అందుకే నేనే వస్తాండా. బెంచీ మీద కూర్చోనుండా."

"బండిలోనా!"

"కట్టె కూడా తెస్తాండా. రాగిపిండి ఉండాదా నీ ఇంట్లో?"

ఉండాది, ఉండాది అని ఏడుస్తూనే రెండు సార్లు చెప్పింది. ఎన్నాళ్ళుంటానో ఆ పిల్ల అడగలేదు, నేనూ చెప్పలేదు. బండి అనంతపురం దాటేదాకా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.